మందు, మోతాదు, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని సంఘం కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, మొదట మన బడి వేపచెట్టు గురించో, మధ్యాహ్నం గంట గురించో రాద్దామనుకున్నాను. అవి నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరును. కాలువలు, లాకులు, తూములు తప్ప నాకు తెలిసింది తక్కువ. అయినా ఒక వైద్య శాస్త్రవేత్త జీవితం రాయడానికి పూనుకున్నాను. దానికి కారణం 1984 పదో తరగతి బ్యాచ్‌లోని నా మిత్రుడు. పేరు రాయవద్దని ఇంట్లోవాళ్లు కోరారు. మా బ్యాచ్ వాళ్లకు ఎవరో తెలుస్తుంది.

నిరుడు వేసవిలో ఒక రాత్రి వాడు ఫోను చేశాడు. పేగులో మొదలైన క్యాన్సరు కాలేయానికి పాకింది. ఉన్న మందులన్నీ వాడి చూశారు. ఇక ఒక కొత్త మందు ఉందని, అది మనుషులకు ఎంత మోతాదు దాకా ఇవ్వవచ్చో తేల్చే మొదటి దశ పరీక్ష జరుగుతోందని, ఇష్టమైతే చేరవచ్చని ఆసుపత్రిలో చెప్పారట. చేరాలా వద్దా అని వాడు నన్ను అడగలేదు. ఒరే, మీరు కాంక్రీటు దిమ్మను మిషన్లో పెట్టి పగిలేదాకా నొక్కుతారు కదా, నన్నూ అలాగే నొక్కుతారా అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆగమన్నాను. ఆ రెండు రోజులూ నా మనసులో మెదిలినవి 1983లో మా అక్కకు వచ్చిన జబ్బు, ఆ ఏడు మన సైన్సు మాస్టారు నాకు చెప్పిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ. మిత్రుడికి నేనిచ్చిన జవాబు చివర రాస్తాను. ముందు సుబ్బారావుగారి సంగతి.

ఆయన 1895 జనవరి 12న మన భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం, ఆరోగ్యం అంతంతమాత్రం. పెద్ద సంసారం. చదువు మీద కుర్రవాడికి మొదట్లో శ్రద్ధ లేదు. పదమూడేళ్ల వయసులో డబ్బు సంపాదించాలని కాశీకి పారిపోబోయాడని, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి లక్షాధికారి కావాలన్నది అతని ఆలోచన అని చెబుతారు. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివాడు, మెట్రిక్యులేషన్ తప్పాడు. మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలులో చేరి మూడోసారి గట్టెక్కాడు.

మన బడి పత్రికలో ఈ మాట నొక్కి రాయవలసిందే. ఆయన మొదటి మార్కులవాడు కాదు. మన మాస్టారు ఈ కథ మొదలుపెట్టింది కూడా ఇక్కడి నుంచే. లెక్కల్లో తప్పి తలొంచుకుని కూర్చున్న మా నలుగురి వైపు ఆయన అప్పుడు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఉన్న రోజుల్లో సుబ్బారావుగారి మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నారు. తల్లి అనుమతి కావాలన్నారు వాళ్లు. తల్లి ససేమిరా అంది. సన్యాసం కుదరకపోతే వైద్యం నేర్చి సేవ చేద్దామని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు పిల్లనిచ్చిన మామగారు సాయపడ్డారు. 1919లో శేషగిరి అనే అమ్మాయితో పెళ్లయింది. అది గాంధీగారి పిలుపు ఊరూరా వినబడుతున్న కాలం. సుబ్బారావుగారు ఖద్దరు కోటు వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. తెల్ల ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా ఆయన చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా. దానితో ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణం పాఠాలు చెబుతూ కొంతకాలం గడిపారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఎనిమిది రోజుల తేడాలో తోబుట్టువులిద్దరు పోయారు. ఆ ఇంటిని పట్టి పీడించిన జబ్బు పేరు స్ప్రూ. పేగులు తిండిని పట్టుకోలేవు, రక్తం విరిగిపోతుంది, మనిషి క్షీణించి పోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. ఆ జబ్బు పేరు మీరు గుర్తుపెట్టుకోవాలి. ఇరవై ఏళ్లు దాటాక ఆయన దాని దగ్గరికే తిరిగి వచ్చారు.

1920ల మొదట్లో, మామగారిచ్చిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం పట్టుకుని ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణదేశాల జబ్బుల చదువులో చేరారు. మన డిగ్రీ అక్కడ చెల్లదు కనుక డాక్టరు పని దొరకలేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పనివాడిగా చేరి రోగుల మలమూత్రాల పళ్లేలు ఎత్తి కడిగారు. పగలు చదువు, రాత్రి ఆ పని. ఇంటి దగ్గర పసికందు కొడుకు పోయాడు. మూడేళ్లలో వస్తానని భార్యకు చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ ఈ గడ్డ మీద అడుగుపెట్టలేదు. శేషగిరమ్మగారు మాత్రం ఎదురుచూస్తూనే ఉండిపోయారు. సుబ్బారావుగారి గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆమె సంగతి దాటవేయడం న్యాయం కాదు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర ఆయన చేసిన మొదటి పెద్ద పని ఒక కొలత. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కనిపెట్టే పద్ధతి. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా వస్తుంది. ఆ రంగును తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి లెక్క కడతారు. 1925లో అచ్చయిన ఈ పద్ధతిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. జీవరసాయనం చదివినవాళ్లు మనలో ఉంటే ప్రయోగశాలలో చేసే ఉంటారు.

ఈ కొలత చేతికి రావడంతో కొత్త దారి తెరుచుకుంది. కండరంలో భాస్వరం ఏ రూపంలో ఉందో వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని ఆయన, ఫిస్కే బయటపెట్టారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. మనం చెయ్యెత్తినా, కన్ను ఆర్పినా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. 1930లో సుబ్బారావుగారికి పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. పదిహేనేళ్లకు పైగా అక్కడ పనిచేసి, 1940లో న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే మందుల సంస్థకు వెళ్లారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనకంతటికీ పెద్ద అయ్యారు.

ఇప్పుడు మళ్లీ స్ప్రూ దగ్గరికి వద్దాం. 1930ల మొదట్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో దాన్ని తగ్గించే పదార్థమేదో ఉందని తేల్చారు. అది ఏమిటో తర్వాత తెలిసింది. అదే ఫోలిక్ యాసిడ్. ప్రకృతిలో అది ఎంత కొంచెం దొరుకుతుందంటే, బోలెడంత కాలేయాన్ని మరిగించి వడగడితే చిటికెడు రావడం గగనం. దాని నిర్మాణం తేల్చి కృత్రిమంగా తయారు చేయడం సుబ్బారావుగారి బృందం చేసిన పని. 1945లో అది నెరవేరింది. ఆ పరిశోధన పత్రం మీద పదహారు మంది పేర్లున్నాయి. అక్షరక్రమంలో ఎక్కడో మధ్యలో ఆయన పేరు ఉంటుంది. పెద్దనని ముందు వేసుకోలేదు. తయారైన ఫోలిక్ యాసిడ్‌ను వైద్యులు రోగులకు ఇచ్చి చూశారు. రక్తహీనత తగ్గింది. స్ప్రూ రోగులు కోలుకున్నారు. తోబుట్టువులను మింగిన జబ్బుకు ఆయన చేతుల మీదుగానే మందు వచ్చింది.

అక్కడితో ఆగిపోయినా ఆయన జీవితం ధన్యమే. కానీ మన కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు లెడర్లే నుంచి వచ్చిన ఫోలిక్ యాసిడ్ రకం మందులు ఇచ్చి చూశాడు. మేలు జరగలేదు సరికదా, జబ్బు ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. ఫోలిక్ యాసిడ్ రక్తకణాల పుట్టుకకు ఎరువు. క్యాన్సరు కణాలకూ అది ఎరువే అయింది. అలాంటప్పుడు ఆ ఎరువు అందకుండా చేస్తే జబ్బు ఎండిపోవాలి కదా. సుబ్బారావుగారి బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండే నకిలీ పదార్థాలు తయారుచేసింది. కణం దాన్ని అసలుదనుకుని తీసుకుంటుంది, పని మాత్రం ఆగిపోతుంది. వాటిలో అమైనోప్టెరిన్ ఒకటి. కొద్దికాలంలో వచ్చిన ఇంకొకటి మెథోట్రెక్సేట్.

నాకు తెలిసిన భాషలో చెప్పాలంటే ఇది కాలువ మీద లాకులు మూసేయడం. పై నుంచి ఎంత నీరు వచ్చినా కింది ఆయకట్టుకు చుక్క పోదు. ముందుగా ఎండేది రోజూ నీళ్లు తాగే నారుమడి. మన ఒంట్లో అలాంటి నారుమళ్లు ఎముకల మూలుగ, నోటి లోపలి పొర, పేగుల పొర. అక్కడ కణాలు ఎప్పుడూ పుడుతూనే ఉండాలి. క్యాన్సరు కూడా అదే ఆయకట్టులో ఉంది. లాకులు ఎక్కువసేపు మూస్తే క్యాన్సరుతో పాటు మనిషీ ఎండిపోతాడు. తక్కువసేపు మూస్తే క్యాన్సరు మళ్లీ చిగురిస్తుంది.

1947 చివర్లో ఫార్బర్ అమైనోప్టెరిన్ మొదలుపెట్టాడు. మోతాదు రోజుకు ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూ. ఉప్పు రవ్వంత. అంత చిన్న మోతాదుకే పిల్లల నోళ్లు పూసేవి. నోరు పూయగానే ఆపేవారు, తగ్గాక మళ్లీ ఇచ్చేవారు. కొలవడానికి ఇంకో సాధనం లేని రోజుల్లో ఆ నోటిపూతే ప్రమాద సూచిక. 1948 జూన్‌లో వచ్చిన నివేదికలో పదహారు మంది పిల్లల సంగతి ఉంది. పది మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు. కొన్ని వారాలు, కొన్ని నెలలు. తర్వాత జబ్బు తిరిగి వచ్చింది. అయినా ఒక రసాయనం క్యాన్సరును వెనక్కి నెట్టగలదని ఆ పిల్లల వల్ల లోకానికి తెలిసింది.

ఆ నివేదిక వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు ఇంట్లో నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. అంతకు ముందు ఏడాదే ఆయన సంస్థ బోదకాలుకు డైఇథైల్‌కార్బమజీన్‌ను కనుగొంది. మన ఊళ్లలో రాత్రిపూట రక్తం తీసుకెళ్లి, తర్వాత పంచిన ఫైలేరియా మాత్రలు అవే. ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ కూడా ఆయన అజమాయిషీలో వచ్చిందే. ఇన్ని చేసి, మెథోట్రెక్సేట్ వల్ల ఒక్క రోగి పూర్తిగా బాగుపడడం కూడా చూడకుండా వెళ్లిపోయారు.

ఆ బాగుపడడం 1950ల మధ్యలో మొదలైంది. అప్పటికి అమైనోప్టెరిన్ పక్కకు తప్పుకుంది. దాని మోతాదుకూ విషానికీ మధ్య సందు మరీ ఇరుకు. మెథోట్రెక్సేట్‌తో ఆ సందు కాస్త వెడల్పు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు దాన్ని కోరియోకార్సినోమాకు వాడారు. గర్భసంచిలో మాయ కణాల నుంచి పుట్టి ఊపిరితిత్తులకు పాకే గడ్డ అది. అప్పటిదాకా గడ్డ రూపంలో ఉండి ఒళ్లంతా పాకిన క్యాన్సరు మందుతో నయమైన దాఖలా లేదు. వాళ్లు ఐదేసి రోజులు మందిచ్చి, నోరు, రక్తకణాలు కోలుకునేదాకా ఆగి, మళ్లీ ఇచ్చారు. ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాయి. అక్కడ చాలామంది ఆపేసేవారు. లీ మాత్రం మూత్రంలో ఆ గడ్డ విడుదల చేసే హార్మోను ఇంకా ఉందంటే కణాలు మిగిలే ఉన్నాయని, అది పూర్తిగా పోయేదాకా మందు ఇస్తూనే పోయాడు. అనవసరంగా విషం ఎక్కిస్తున్నాడని పైవాళ్లు తప్పుపట్టారు. ఆయన ఆ సంస్థ వదలాల్సి వచ్చింది. కాలం గడిచాక తేలిందేమిటంటే, ఆయన మందు కొనసాగించిన వాళ్లు బతికారు. 1972లో ఆయనకు, హెర్ట్జ్‌కు లాస్కర్ పురస్కారం వచ్చింది.

మా ఇంటి కథ ఇక్కడే కలుస్తుంది.

1983లో మా అక్కకు 22 ఏళ్లు. ముత్యాల గర్భం వచ్చి తీసేశాక రక్తస్రావం ఆగలేదు. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తే కోరియోకార్సినోమా అన్నారు, ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయన్నారు. క్యాన్సరంటే మా ఇంట్లో అప్పటికి ఒకటే అర్థం. నాన్న అరెకరం అమ్మేశారు. బావకు ఉద్యోగంలో సెలవు దొరకని రోజుల్లో, దసరా సెలవుల్లో నేను తోడు వెళ్లాను. ఒకరోజు మెథోట్రెక్సేట్ ఇంజెక్షను, మర్నాడు ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షను. అలా ఎనిమిది రోజులు. తర్వాత విరామం. మళ్లీ మొదలు. తారీఖులు తప్పకుండా ఉండాలని క్యాలెండరు మీద గుర్తులు పెట్టే పని నాకిచ్చారు. మన సైన్సు మాస్టారు పేపర్లు దిద్దే ఎర్ర–నీలం పెన్సిలు ఒకటి సెలవులకు ముందే నాకు ఇచ్చారు. మందు రోజు ఎర్ర గీత, రెండో రోజు నీలం గీత.

మూడో విడత ముందు డాక్టరమ్మ ఇంజెక్షను ఆపేశారు. తెల్లకణాలు పడిపోయాయి, వారం ఆగుదామన్నారు. నాన్నకు ఎక్కడలేని కోపం వచ్చింది. డబ్బు కోసం సాగదీస్తున్నారని, మందు లేక సాకులు చెబుతున్నారని వరండాలో అందరి ముందూ గట్టిగా కేకలేశారు. నేనూ అదే నిజమనుకున్నాను. ఆమె ఏమీ అనకుండా మమ్మల్నిద్దర్నీ ల్యాబుకు తీసుకెళ్లి, పోయిన వారం కాగితం, ఈ వారం కాగితం పక్కపక్కన పెట్టి చూపించారు. తక్కువిస్తే జబ్బు మిగులుతుంది, ఇప్పుడు ఇస్తే పిల్ల మిగలదు, ఈ రెండింటి మధ్య దారి ఈ అంకెలే చూపిస్తాయి అని నెమ్మదిగా చెప్పారు. నాన్న చాలాసేపు ఆ కాగితాలు చూస్తూ నిలబడ్డారు. క్యాలెండరులో నేను ముందే గీసి ఉంచిన ఎర్ర గీతను ఆ రాత్రి తుడిపేశాను. ఆ పెన్సిలు సరిగ్గా చెరగదు. మరక మిగిలిపోయింది.

సెలవుల తర్వాత బడికి వచ్చి మాస్టారికి ఆ రెండు మందుల పేర్లు చెప్పాను. ఆయన తరగతిలో పాఠం ఆపి, ఆ మందు మన పక్కూరు భీమవరంలో పుట్టినాయన బృందం చేసినదేనని చెప్పడం మొదలుపెట్టారు. రెండో మందు సంగతి నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఫోలినిక్ యాసిడ్‌నే లూకోవొరిన్ అంటారు. సుబ్బారావుగారు పోయిన రెండు మూడేళ్లలో లెడర్లేలో ఆయన సహచరులే దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. మూసిన లాకులకు దిగువన విడిగా నీళ్లు వదలడం లాంటిది అది. మంచి కణాలు తేరుకుంటాయి. విషమూ, విరుగుడూ ఒకే ఇంట్లో పుట్టాయి.

ఆ విరుగుడు ఉండబట్టే 1970ల్లో ఎముక క్యాన్సరు పిల్లలకు మెథోట్రెక్సేట్‌ను భారీగా ఇవ్వగలిగారు. శరీర వైశాల్యం చదరపు మీటరుకు 12 గ్రాముల దాకా, అంటే పెద్దవాళ్లకు ఇంచుమించు 20 గ్రాములు. 24 గంటలు గడిచాక లూకోవొరిన్ మొదలుపెట్టి, రక్తంలో మందు తగ్గేదాకా ఇస్తూనే ఉంటారు. విరుగుడు ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఇదే మందు కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు మాత్రమే. ఆ మాత్ర పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. మనలో కీళ్లనొప్పులకు దీన్ని వాడుతున్న పెద్దలుంటే, వారంలో ఏ రోజో మాత్రల పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

మోతాదు కనిపెట్టే పద్ధతి కూడా ఈ మందుల వెంటే పెరిగింది. ఎలుకకూ మనిషికీ బరువుతో కాక శరీర వైశాల్యంతో పోల్చాలని 1958లో డొనాల్డ్ పింకెల్, 1966లో ఎమిల్ ఫ్రైరైక్ బృందం చూపించారు. వాళ్లు లెక్కవేసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఉంది. నూటికి పది ఎలుకలు చచ్చే మోతాదులో పదో వంతుతో మనుషుల్లో మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది. ముగ్గురు రోగులకు మొదటి మెట్టు మోతాదు ఇస్తారు. ఎవరికీ ప్రమాదం రాకపోతే తర్వాతి ముగ్గురికి పై మెట్టు. ఒకరికి ఇబ్బంది వస్తే అదే మెట్టు మీద ఇంకో ముగ్గురు. ఇద్దరికి వస్తే వెనక్కి దిగి, కింది మెట్టును ఖాయం చేస్తారు. వేరే పద్ధతులు కూడా వచ్చాయి కానీ, మెట్టు మెట్టుగా ఎక్కి ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే అన్నిటి సారం.

మిత్రుడికి ఇదే చెప్పాను. మేమూ ఒక శాంపిలుకు మూడు దిమ్మలే తీస్తాం, కానీ పగిలాకే మా లెక్క పూర్తవుతుంది. వాళ్లు పగుళ్లు కనబడక ముందే ఆగడానికి చూస్తారు, నువ్వు వద్దన్న క్షణాన ఆపాలి, అదీ తేడా అన్నాను. ఇంకో మాట కూడా దాచలేదు. ఈ దశలో వాళ్లు వెతికేది మోతాదును. నీ జబ్బు తగ్గే అవకాశం తక్కువ. నీ తర్వాత వచ్చేవాళ్లకు ఉపయోగం. ఈ మాట చెప్పడానికి నా గొంతు పెగల్లేదు. వాడికి మా అక్క తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆవకాయ అన్నం కలిపి ఇద్దరికీ ముద్దలు పెట్టేది. అక్కకు ఇచ్చిన ఆ మోతాదు కూడా ఎవరో ముందు తీసుకుని చూసిందే కదరా అన్నాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, అయితే అక్క బాకీ నేను తీరుస్తానులే అన్నాడు నవ్వుతూ.

సంతకం పెట్టాడు. రెండో విడత తర్వాత విరేచనాలు ఎక్కువై, రక్తకణాలు పడిపోయి, వాడికి మోతాదు తగ్గించారు. సంక్రాంతి వెళ్లాక పోయాడు. ఆ మందు సంగతి తేలడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

మా అక్కకు ఇప్పుడు 64 ఏళ్లు. ఆ చికిత్స అయిన మూడేళ్లకు బాబు పుట్టాడు. వాడికీ పిల్లలున్నారు. బోస్టన్‌లో ఆ పదహారు మంది పిల్లలు, పేర్లు తెలియని ఎందరో తల్లులు, నోరు పూసి, రక్తం పడిపోయి, ఇంతవరకే అని చూపించిన గీత మీద నడిచి మా అక్క ఇంటికి వచ్చింది.

1995లో సుబ్బారావుగారి శతజయంతికి మన తపాలాశాఖ స్టాంపు వేసింది. ఆయన పేరు మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. సంఘానికి నాదొక విన్నపం. మన బడి సైన్సు గదిలో ఆయన పటం ఒకటి పెడదాం. ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది, మా మిత్రుడి జ్ఞాపకంగా. ఏటా జనవరి 12న పదో తరగతి పిల్లలకు ఎవరైనా ఒక మాస్టారు ఆయన కథ చెప్పాలి. మన మాస్టారు చెప్పినట్టే, మెట్రిక్ రెండుసార్లు తప్పిన దగ్గర మొదలుపెట్టి చెప్పాలి.